డిటెక్టివ్ యుగంధర్‌ని సృష్టించిన కొమ్మూరి సాంబశివరావు

హాస్టల్ వార్షికోత్సవ సంచిక అనగానే అంబేద్కర్, జాషువా, జ్యోతిరావు ఫూలే, అబ్దుల్ కలాం వంటి మహనీయుల జీవితాల మీద వ్యాసాలు వస్తాయి. రావాలి కూడా. వారి ఫోటోలు మన స్టడీ హాలు గోడ మీద ఉన్నాయి, వారి మాటలు మన నోట్ పుస్తకాల మొదటి పేజీల్లో ఉన్నాయి. ఈసారి మేము ఏ గోడ మీదా ఫోటో లేని ఒక రచయిత గురించి రాయదలచుకున్నాం. ఆయన పేరు పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. ఆయన పుస్తకాలు చదువుతూ దొరికితే పెద్దలు తిట్టేవారు. అయినా తెలుగునాట వేలాది మందికి నవల చదవడం అలవాటు చేసిన వారిలో ఆయన ఒకరు. ఆయనే డిటెక్టివ్ యుగంధర్ సృష్టికర్త కొమ్మూరి సాంబశివరావు గారు.

మేము 1990ల చివరా 2000ల మొదట్లోనూ వికారాబాద్, తాండూరు హాస్టళ్ళలో ఉండి చదువుకున్న పాత విద్యార్థులం. మన ప్రాంతంలో పుస్తకం కొనుక్కుని చదివే స్తోమత ఉన్నవాళ్ళు తక్కువ. ఆ రోజుల్లో డిటెక్టివ్ నవల మనదాకా వచ్చే దారులు రెండే. ఒకటి అద్దె పుస్తకాల దుకాణం. కొంత డబ్బు డిపాజిట్ కట్టి, రోజుకింత అని అద్దె ఇచ్చి తెచ్చుకునేవారు. రెండోది రైలు. వికారాబాద్ జంక్షన్‌లో బండి కోసం ఎదురుచూసేవాళ్ళ చేతుల్లో, తాండూరు ప్యాసింజర్‌లో పక్క సీటాయన ఒళ్ళో ఆ పుస్తకాలు కనిపించేవి. అట్ట ఊడిపోయి, మొదటి పేజీలు లేకుండా, కొన్నిసార్లు చివరి పేజీలు కూడా లేకుండా అవి గదిలోకి వచ్చేవి. చివరి పేజీ లేని డిటెక్టివ్ నవల చదివినవాడి బాధ చదివినవాడికే తెలుసు. హంతకుడెవరో తెలియక గదిలో ఎనిమిది మందిమి రాత్రి లైట్లు ఆర్పేదాకా వాదించుకునేవాళ్ళం.

ఆ వాదనలే మాకు చాలా నేర్పాయని ఇప్పుడు అనిపిస్తుంది. అందుకే ఈ వ్యాసం.

తెలుగులో అపరాధ పరిశోధన

నేరం జరుగుతుంది, నేరస్థుడెవరో తెలియదు, ఒక తెలివైన మనిషి ఆనవాళ్ళను బట్టి ఆలోచించి అతణ్ణి పట్టుకుంటాడు. ఈ పద్ధతి కథకు ప్రపంచంలో ఆరంభకుడు అమెరికా రచయిత ఎడ్గార్ అలన్ పో అని చెబుతారు. ఆయన 1841లో డ్యూపాన్ అనే పరిశోధకుడితో ఒక కథ రాశాడు. తర్వాత ఇంగ్లండులో ఆర్థర్ కోనన్ డాయిల్ 1887లో షెర్లాక్ హోమ్స్‌ని ప్రవేశపెట్టాడు. ఆ కథలు ఓడలెక్కి కలకత్తాకు, మద్రాసుకు వచ్చాయి. బెంగాలీలో పాంచకడి దే రాసిన పరిశోధక నవలలు తెలుగులోకి అనువాదమయ్యాయి. తెలుగులోనే నేరుగా రాసిన తొలితరం వారిలో దేవరాజు వేంకటకృష్ణారావు గారున్నారు. ఆ రోజుల్లో వీటిని అపరాధ పరిశోధక నవలలు అనేవారు. 'డిటెక్టివ్' అనే మాట తర్వాత స్థిరపడింది.

తాండూరు వంటి ఊళ్ళలో ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఇక్కడ ఉర్దూ చదివే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఉర్దూలో ఈ రకం నవలలకు మారుపేరు ఇబ్నె సఫీ. 1952లో అలహాబాదు నుంచి 'జాసూసీ దునియా' పేరుతో ఆయన నవలల వరుస మొదలైంది. ఆయన తర్వాత కరాచీకి వెళ్ళిపోయినా ఇక్కడి పాఠకులు ఆయన్ని వదల్లేదు. తెలుగువాళ్ళకు యుగంధర్ ఎలాగో ఉర్దూవాళ్ళకు ఫరీదీ, ఇమ్రాన్ అలాగ. ఒకే కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన రెండు భాషల జాసూసులూ సర్దుకుని ఉండగలిగిన ప్రాంతం మనది.

కొమ్మూరి వారి కుటుంబం

కొమ్మూరి సాంబశివరావు గారు 1926లో తెనాలిలో జన్మించారు. తల్లి కొమ్మూరి పద్మావతీదేవి రచయిత్రి. స్త్రీ పాత్రలను కూడా మగవారే వేస్తున్న కాలంలో తెలుగు రంగస్థలం మీదికి వచ్చి నటించిన తొలితరం మహిళల్లో ఆమె ఒకరు. సుప్రసిద్ధ రచయిత చలం గారు పుట్టుకతో కొమ్మూరి వారే. తాతగారింటికి దత్తత వెళ్ళడం వల్ల ఆయన గుడిపాటి వెంకటచలం అయ్యారు. సాంబశివరావు గారు ఆ చలం గారికి సోదరుడి కుమారుడు. ఆయన చెల్లెలు ఉషారాణి భాటియా కూడా రచయిత్రి.

అంటే ఇంటి నిండా రచయితలే. అటువంటి ఇంట్లో పుట్టినవాడు కవిత్వమో, పెద్ద విమర్శకులు మెచ్చుకునే కథలో రాస్తాడని ఎవరైనా అనుకుంటారు. సాంబశివరావు గారు డిటెక్టివ్ నవల ఎంచుకున్నారు. అది పండితులు సాహిత్యంగా లెక్కపెట్టని శాఖ. చలం రచనలను ఒకప్పుడు ఇంట్లో దాచుకుని చదివేవారు. కొమ్మూరి వారి నవలలనూ దాచుకునే చదివేవారు. కారణాలు వేరైనా ఒకే ఇంటి పేరు గల ఇద్దరికి ఈ గతి పట్టడం విచిత్రం.

ఆయన 1994లో కన్నుమూశారు. దాదాపు 90 నవలలు రాశారు. 'చీకటికి వేయి కళ్ళు', 'ఉరితాడు', 'లక్షాధికారి హత్య', 'చావు కేక' వంటి పేర్లు ఇప్పటికీ పాతతరం పాఠకుల నోట వినిపిస్తాయి. భయానక నవలలు కూడా రాశారు. పాఠకులు ఆయన్ని ఆంధ్రా ఎడ్గార్ వాలెస్ అని పిలుచుకున్నారు.

యుగంధర్, రాజు

కొమ్మూరి వారి ప్రధాన పాత్ర డిటెక్టివ్ యుగంధర్. ఆయన ప్రైవేటు డిటెక్టివ్. మద్రాసులో ఉంటాడు. ఆయన సహాయకుడు రాజు. పోలీసు శాఖ తరఫున ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు వస్తుంటాడు. మద్రాసే ఎందుకు? ఆ రోజుల్లో తెలుగు సినిమాలూ, తెలుగు పత్రికల్లో చాలా భాగమూ, పుస్తక ప్రచురణా మద్రాసులోనే ఉండేవి. రచయితలు అక్కడే బతికేవారు. కాబట్టి తెలుగు డిటెక్టివ్ కూడా మద్రాసు వీధుల్లోనే కారు నడిపాడు.

ఈ ముగ్గురి అమరికలో ఒక పద్ధతి ఉంది. డిటెక్టివ్‌కి అన్నీ ముందే తోస్తాయి, కానీ చెప్పడు. సహాయకుడికి మనకు తెలిసినంతే తెలుసు. మనకొచ్చే సందేహాలే అతనికీ వస్తాయి, మన బదులు అతను అడుగుతాడు. పోలీసు అధికారి దగ్గర అధికారం ఉంటుంది, తొందరా ఉంటుంది. షెర్లాక్ హోమ్స్‌కి డాక్టర్ వాట్సన్, ఇన్‌స్పెక్టర్ లెస్ట్రేడ్ ఉన్నది ఇందుకే. మా గదిలో చదివే పిల్లలంతా యుగంధర్ కావాలనుకునేవాళ్ళు, కానీ చదివేటప్పుడు మాత్రం అందరం రాజులమే.

ఈ నవలల భాష గురించి ఒక మాట చెప్పాలి. వాక్యాలు చిన్నవి. సంభాషణలు ఎక్కువ. కష్టమైన సమాసాలు లేవు. ఇంట్లో పుస్తకమనేదే చూడకుండా ఆరో తరగతిలో హాస్టల్‌కి వచ్చిన పిల్లవాడు పాఠ్యపుస్తకంలోని పద్యం దగ్గర ఆగిపోతాడు, కానీ డిటెక్టివ్ నవల మొదటి పేజీ నుంచి చివరిదాకా ఆగకుండా పోతాడు. మొదట హంతకుడి కోసం చదువుతాడు. పది పుస్తకాలయ్యాక చదవడం కోసం చదువుతాడు. ఆ తర్వాత అతని చేతికి ఏ పుస్తకమైనా ఇవ్వవచ్చు. మాలో కొందరు ఇలాగే యుగంధర్ దగ్గర మొదలై రావిశాస్త్రి దాకా, కొలకలూరి ఇనాక్ దాకా వెళ్ళారు.

గురువు ఎడ్గార్ వాలెస్ కథ

కొమ్మూరి వారిని ఎవరితో పోల్చారో ఆ ఎడ్గార్ వాలెస్ జీవితం హాస్టల్ విద్యార్థులు తప్పక తెలుసుకోదగినది. వాలెస్ 1875లో లండన్ దగ్గర గ్రీనిచ్‌లో పుట్టాడు. తల్లి నాటకాల్లో నటించే పేద స్త్రీ. పెళ్ళి కాకుండా పుట్టిన బిడ్డ కావడంతో పుట్టిన కొద్ది రోజులకే వేరే కుటుంబానికి ఇచ్చివేసింది. పెంచిన తండ్రి చేపల మార్కెట్‌లో బరువులు మోసే హమాలీ. పన్నెండో ఏట చదువు ఆగిపోయింది. లండన్‌లో లడ్‌గేట్ సర్కస్ అనే కూడలిలో దినపత్రికలు అమ్మాడు. తర్వాత సైన్యంలో చేరి దక్షిణాఫ్రికా వెళ్ళాడు. అక్కడే విలేకరి అయ్యాడు.

1905లో 'ది ఫోర్ జస్ట్ మెన్' అనే నవల సొంత ఖర్చుతో అచ్చు వేశాడు. హత్య ఎలా జరిగిందో సరిగ్గా ఊహించిన పాఠకులకు బహుమతులిస్తానని ప్రకటించాడు. పుస్తకం బాగా అమ్ముడుపోయింది, కానీ సరైన జవాబు రాసినవారు ఎక్కువ మంది తేలడంతో లాభం పోయి అప్పు మిగిలింది. అయినా ఆగలేదు. 1932లో అమెరికాలో హాలీవుడ్ సినిమాలకు పనిచేస్తూ చనిపోయేనాటికి 170కి పైగా నవలలు రాశాడు. అతను పత్రికలు అమ్మిన కూడలిలోనే అతని పేర ఫలకం పెట్టారు. పన్నెండేళ్ళకు బడి మానేసిన పిల్లవాడి పేరు ఒక మహానగరం గోడకెక్కింది. అతని ప్రభావం తెనాలిలో పుట్టిన ఒక తెలుగు రచయిత దాకా వచ్చింది. ఆ రచయిత పుస్తకం తాండూరు నాపరాళ్ళ గనుల్లో కూలి చేసే వారి పిల్లల చేతికి వచ్చింది. పుస్తకం ప్రయాణం ఇలా ఉంటుంది.

డిటెక్టివ్ నవల ఎలా పనిచేస్తుంది?

మంచి డిటెక్టివ్ నవలలో రచయితకూ పాఠకుడికీ మధ్య రాయని ఒప్పందం ఒకటి ఉంటుంది. హంతకుణ్ణి పట్టుకోవడానికి కావలసిన ఆనవాళ్ళన్నీ పాఠకుడి కళ్ళ ముందు పెట్టాలి. దాచకూడదు. కానీ వాటి అసలు అర్థం తెలియకుండా చేయాలి. పగిలిన గ్లాసు, ఆగిపోయిన గడియారం, మొరగని కుక్క వంటివి మనం చూస్తాం, చూసి వదిలేస్తాం. చివరి అధ్యాయంలో డిటెక్టివ్ చెప్పినప్పుడు "అరె, ఇది మనమూ చదివాం కదా" అనిపించాలి. అలా అనిపిస్తే రచయిత గెలిచినట్టు, పాఠకుడూ ఓడనట్టు.

డిటెక్టివ్ మూడు ప్రశ్నలు వేసుకుంటాడు. ఈ నేరం వల్ల ఎవరికి లాభం? ఆ సమయంలో అక్కడ ఉండే అవకాశం ఎవరికి ఉంది? దానికి కావలసిన సాధనం ఎవరి దగ్గర ఉంది? ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే అది అనుమానం మాత్రమే. మూడూ కలిసినా ఇంకా చాలదు. మూడింటినీ కలిపే రుజువు దొరకాలి. అప్పటిదాకా యుగంధర్ నోరు తెరవడు. నవలలో సగం ఉత్కంఠ ఆ నోరు తెరవకపోవడంలోనే ఉంది.

రుజువు విషయంలో మన దేశానిది చిన్న పాత్ర కాదు. ప్రపంచంలో మొట్టమొదటి వేలిముద్రల బ్యూరో 1897లో మన కలకత్తాలో ఏర్పడింది. వేలిముద్రలను వర్గీకరించే పద్ధతిని తయారు చేయడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగులు పనిచేశారు. కానీ ఆ పద్ధతికి వారి పై అధికారి హెన్రీ పేరు పెట్టారు. పని చేసింది ఒకరు, పేరు మరొకరిది. ఇదీ ఒక డిటెక్టివ్ కథే.

అనుమానం ముందుగా ఎవరి మీద?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. డిటెక్టివ్ నవలల్లో పెద్ద బంగళాలో హత్య జరగగానే ఇన్‌స్పెక్టర్ ముందుగా ఎవరిని పిలుస్తాడు? వంటవాణ్ణి, డ్రైవర్‌ని, తోటమాలిని, వాచ్‌మన్‌ని. వాళ్ళెవరు? మన అమ్మానాన్నలు, మన బాబాయిలు, మన అన్నలు. మంచి నవలలో డిటెక్టివ్ వచ్చి వాళ్ళు నిర్దోషులని తేలుస్తాడు. కానీ బయటి లోకంలో ప్రతిచోటికీ యుగంధర్ రాడు.

మేము చదువుకునే రోజుల్లో ఒక హాస్టల్‌లో పరీక్ష ఫీజు డబ్బులు పోయాయి. ఎవరూ ఏమీ చూడలేదు. అయినా సాయంత్రానికల్లా అందరి చూపూ ఒక తండా నుంచి కొత్తగా వచ్చిన పిల్లవాడి మీదికి పోయింది. కారణాలు అడిగితే "కొత్తవాడు", "ఎవరితో మాట్లాడడు", "నిన్న అంగట్ల మిర్చీలు కొనుక్కున్నడు" అన్నారు. అందరి ముందూ అతని ట్రంకు పెట్టె తెరిపించారు. రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, అమ్మ పంపిన జొన్నరొట్టెల మూట తప్ప ఏమీ లేవు. నాలుగు రోజుల తర్వాత డబ్బు పోగొట్టుకున్నవాడి పుస్తకం అట్ట లోపలే ఆ నోట్లు దొరికాయి. అప్పటికే ఆ పిల్లవాడు ఇంటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ బడికి రాలేదు.

ఇక్కడ యుగంధర్ ఉంటే ఏం చేసేవాడు? ముందుగా పోయిన డబ్బు చివరిసారి ఎక్కడ ఉందో అడిగేవాడు. పోగొట్టుకున్నవాడి చోటంతా వెతికేవాడు. ఆ తర్వాతే ఇతరుల దగ్గరికి వచ్చేవాడు. ఇందులో పెద్ద తెలివేమీ లేదు, వరుస తప్పకపోవడమే ఉంది. మనుషులు వరుస తప్పేది ఎందుకంటే, ఎవరు చేశారో వాళ్ళ మనసులో ముందే నిర్ణయమై ఉంటుంది కాబట్టి.

ఇది ఒక హాస్టల్ సంగతి మాత్రమే కాదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం అని ఒకటి చేసింది. కొన్ని జాతులలో పుట్టినవారంతా పుట్టుకతోనే నేరస్థులని లెక్క. పిల్లవాడు కళ్ళు తెరవకముందే అతని పేరు అనుమానితుల జాబితాలో చేరేది. పోలీసు స్టేషన్‌లో హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. మన తెలుగు ప్రాంతంలో ఎరుకల వారిని ఇలాగే స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక అనంతశయనం అయ్యంగార్ గారి అధ్యక్షతన వేసిన కమిటీ ఈ చట్టం రద్దు కావాలని చెప్పింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా అది రద్దయింది. చట్టం పోయింది గాని చూపు అంత తొందరగా పోలేదు.

డిటెక్టివ్ రచయితలు నిజంగా పరిశోధించిన కేసులు

కొందరు రచయితలు కాగితం మీద నేర్చుకున్న విద్యను బయట కూడా వాడారు. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కోనన్ డాయిల్ అందులో ముఖ్యుడు. జార్జ్ ఎడల్జీ అనే యువకుడు ఇంగ్లండులో లాయరు. అతని తండ్రి బొంబాయి నుంచి వెళ్ళిన పార్సీ, క్రైస్తవ మతం స్వీకరించి గ్రేట్ వైర్లీ అనే ఊరిలో చర్చి ఫాదరయ్యాడు. ఆ ఊళ్ళో రాత్రిపూట పశువులను, గుర్రాలను ఎవరో కోసి చంపుతున్నారు. అనుమానం నల్లటి మొహం గల కుటుంబం మీద పడింది. 1903లో జార్జ్‌కి ఏడేళ్ళ కఠిన శిక్ష వేశారు. మూడేళ్ళ తర్వాత విడుదల చేశారు గాని నిర్దోషి అని చెప్పలేదు.

డాయిల్ అతణ్ణి ఒక హోటల్‌లో కలిశాడు. జార్జ్ దినపత్రికను కంటికి బాగా దగ్గరగా, పక్కకు తిప్పి పట్టుకుని చదువుతున్నాడు. డాయిల్ స్వయంగా కంటి వైద్యం చదివినవాడు. చూపు ఇంత మందంగా ఉన్నవాడు చీకటి రాత్రి పొలాలకు అడ్డంపడి వెళ్ళి, గుర్రాన్ని కోసి, ఎలా తిరిగి వస్తాడు? ఆ ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టి 1907లో పత్రికలో వ్యాసాలు రాశాడు. అదే ఏడాది ప్రభుత్వం జార్జ్‌కి క్షమాభిక్ష ఇచ్చింది, మళ్ళీ లాయరుగా పనిచేయనిచ్చింది. నష్టపరిహారం మాత్రం ఇవ్వలేదు. క్రిమినల్ కేసులలో పై కోర్టుకు వెళ్ళే ఏర్పాటు ఇంగ్లండులో 1907లోనే చట్టమైంది. అందుకు దారితీసిన కారణాల్లో ఈ కేసు కూడా ఒకటి.

అమెరికాలో పెర్రీ మేసన్ అనే లాయరు పాత్రతో నవలలు రాసిన ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ కూడా స్వయంగా లాయరే. కాలిఫోర్నియాలో డబ్బులేని చైనా వాళ్ళ తరఫున, మెక్సికో వాళ్ళ తరఫున వాదించాడు. 1933లో మొదటి పెర్రీ మేసన్ నవల వచ్చింది. పేరూ డబ్బూ వచ్చాక 1948లో కొందరు నిపుణులను కూడగట్టి, అన్యాయంగా శిక్షపడ్డ వారి కేసులను తిరిగి పరిశీలించే పని పెట్టుకున్నాడు. దానికి 'చివరి ఆశ్రయం లాంటి కోర్టు' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు.

మన దేశ చట్టం కూడా ఈ విషయంలో గట్టిగానే ఉంది. నేరం రుజువయ్యేదాకా ఎవరూ నేరస్థుడు కాదు. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలును నిందితుడికి వ్యతిరేకంగా రుజువుగా వాడరాదని 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పింది. దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ కూడా ఆ నియమాన్ని కొనసాగించింది. కొట్టి ఒప్పించిన మాట రుజువు కాదని దీని భావం. ఈ ఒక్క వాక్యం ప్రతి హాస్టల్ విద్యార్థికి నోటికి రావాలని మా కోరిక.

కొమ్మూరి తర్వాత

కొమ్మూరి వారి కాలంలోనే ఆరుద్ర గారు కూడా డిటెక్టివ్ నవలలు రాశారు. 'పలకల వెండి గ్లాసు' అందులో ఒకటి. మహాకవి అనిపించుకున్నవారు కూడా ఈ పనిని చిన్నతనంగా భావించలేదన్నమాట. టెంపోరావు, గిరిజశ్రీ భగవాన్ వంటి వారు అద్దె దుకాణాల అరలు నింపారు. మధుబాబు 'షాడో' అనే పాత్రతో కుర్రకారును ఊపేశారు. మల్లాది వెంకటకృష్ణమూర్తి గారు నేర కథల్లో హాస్యాన్ని కలిపారు. ఆయన నవల ఆధారంగా 1986లో జంధ్యాల గారు చిరంజీవితో 'చంటబ్బాయ్' తీశారు. 2019లో వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' సినిమాలో డిటెక్టివ్ మద్రాసులోనూ లేడు, హైదరాబాదులోనూ లేడు, నెల్లూరులో ఉన్నాడు. అంటే డిటెక్టివ్ మెల్లమెల్లగా జిల్లాలకు వస్తున్నాడు.

అద్దె పుస్తకాల దుకాణాలు మాత్రం ఇంచుమించు పోయాయి. ముందు టీవీ వచ్చింది, తర్వాత సెల్‌ఫోను వచ్చింది. ఇప్పటి తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఫోన్‌లో క్రైమ్ వీడియోలు చూస్తున్నారు. తప్పని మేము అనం. కానీ ఒక తేడా గమనించండి. వీడియో ఆగదు, అదే పరుగెత్తుతుంది. పుస్తకం మన చేతిలో ఆగుతుంది. వెనక్కి తిప్పి "ఆ గ్లాసు సంగతి ఏ పేజీలో ఉంది?" అని చూసుకోవచ్చు. ఆగి ఆలోచించడమే పరిశోధన.

తాండూరు డిటెక్టివ్ ఎప్పుడు వస్తాడు?

అమెరికాలో చెస్టర్ హైమ్స్ అనే నల్లజాతి రచయిత ఉండేవాడు. 1909లో పుట్టాడు. 19 ఏళ్ళ వయసులో దోపిడీ కేసులో శిక్షపడి ఒహాయో జైలుకు వెళ్ళాడు. జైల్లోనే కథలు రాయడం మొదలుపెట్టాడు. 1936లో విడుదలయ్యాడు. తన దేశంలో వర్ణవివక్ష భరించలేక 1950లలో ఫ్రాన్స్ వెళ్ళిపోయాడు. అక్కడ ఒక ప్రచురణకర్త అడగ్గా, న్యూయార్క్‌లో నల్లవారు నివసించే హార్లెం పేట నేపథ్యంగా డిటెక్టివ్ నవలలు రాశాడు. ఆయన డిటెక్టివులిద్దరూ నల్లవారే. 1958లో ఫ్రాన్స్‌లో నేర సాహిత్యానికిచ్చే పెద్ద బహుమతి ఆయనకు వచ్చింది. నవలల్లో తరచుగా అనుమానితులుగా కనిపించే పేటవాళ్ళు ఆయన పుస్తకాల్లో పరిశోధకులయ్యారు.

మనకు ఆ పుస్తకం ఇంకా రాలేదని మా అభిప్రాయం. కొమ్మూరి వారు మద్రాసు గురించి రాశారు, తనకు తెలిసింది రాశారు. మనకు తెలిసింది మనం రాయాలి. అనంతగిరి అడవి మనకు తెలుసు. మూసీ నది పుట్టే చోటు మనకు తెలుసు. తాండూరు నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీల తెల్లటి దుమ్ము, కంది కొనుగోళ్ళ రోజుల్లో మార్కెట్ యార్డు, సిమెంటు ఫ్యాక్టరీ లారీలు, సరిహద్దు అవతలి కన్నడ ఊళ్ళు, తెలుగు, ఉర్దూ, కన్నడ, లంబాడీ కలిసిన మాట ఇవన్నీ మనవి. ఒక డిటెక్టివ్ నవలకు ఇంతకన్నా ఏం కావాలి? మన డిటెక్టివ్‌కి కారు ఉండనక్కరలేదు. ఆర్టీసీ బస్సులో తిరగవచ్చు. ఆయన వంటమనిషిని, కామాటిని అనుమానితులుగా కాకుండా సాక్షులుగా చూస్తాడు. వాళ్ళు చూసినన్ని విషయాలు ఇంకెవరు చూస్తారు?

రాయలేనివారు చదవండి. హాస్టల్ లైబ్రరీ బీరువాలో ఒక అర ఇలాంటి పుస్తకాలకు కేటాయించమని మేము వార్డెన్ గారికి విన్నవించుకుంటున్నాం. పాత విద్యార్థులు తమ ఇళ్ళలో అటక మీదున్న పాత నవలలు తెచ్చి ఇవ్వవలసిందిగా కోరుతున్నాం. చివరి పేజీలున్నవే తెండి.

చదవలేనివారు కనీసం ఒకటి చేయండి. గదిలో ఏదైనా వస్తువు పోయినప్పుడు, ఎవరైనా ఒక పేరు చెప్పినప్పుడు, "నువ్వు చూశావా?" అని అడగండి. చూడలేదంటే "మరి ఎలా తెలుసు?" అని అడగండి. ఈ రెండు ప్రశ్నలకు డబ్బు ఖర్చు లేదు, ధైర్యం మాత్రం కొంచెం కావాలి. కొమ్మూరి సాంబశివరావు గారు తన నవలల్లో యుగంధర్ చేత అడిగించింది ఇవే ప్రశ్నలని మేము అనుకుంటున్నాం.